అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆపరేషన్ వద్దంటోంది. మీ ఇళ్లల్లో ఏం చేస్తే తగ్గింది?

చండూరు_చిన్నోడు
మా అమ్మకు 59 ఏళ్లు. ముప్పై ఏళ్లు నాట్లు, కలుపు, పత్తి ఏరుడు, అన్నీ వంగి చేసిన పనులే. రెండేళ్ల నుంచి మోకాళ్లు పట్టేశాయి, కుడిది మరీ ఎక్కువ. పొద్దున లేవగానే ఒక పది నిమిషాలు గోడ పట్టుకుని నిలబడుతుంది, ఆ తర్వాత మెల్లగా కదులుతుంది. మెట్లు ఎక్కడం కంటే దిగడానికే ఎక్కువ బాధ పడుతుంది. పల్లెవెలుగు బస్సు మెట్టు అందక మొన్న నల్లగొండలో పెళ్లికి కూడా రాలేదు.
ఎక్స్‌రే చూసి గ్రేడ్ 3 అన్నారు, గుజ్జు అరిగిపోయింది, కీలు మార్పిడి చేయించండి అని ఐదు నిమిషాల్లో పంపేశారు. అమ్మ "కోసుడు వద్దు బిడ్డా" అని ఒకటే మాట. చెల్లె ఆపరేషనే చేయిద్దాం అంటోంది, బావ జెల్ సూదులు అంటున్నాడు, మేనమామ ఎక్కడి నుంచో ఒక పొడి తెచ్చాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. పోయిన బతుకమ్మకు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని చప్పట్లు మాత్రమే కొట్టింది. ఈసారి పండక్కి ఇంకా మూడు నెలలుంది. ఆపరేషన్ లేకుండా నిజంగా తేడా కనిపించినవాళ్లు ఉంటే చెప్పండి.

నకిరేకల్_నిమ్మ
మా అత్తకు కూడా సేమ్. జెల్ సూది వేయించాం, ఒక్కో మోకాలికి వేలల్లో అయింది. నాలుగు నెలలు బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది.

కోస్గి_కోడలు
ముందు వంకాయ, ఆలుగడ్డ, పుంటికూర మానిపించండి, వాతం చేస్తాయి. మా అత్తమ్మకూ మోకాళ్లే, వారానికి రెండుసార్లు పాయ (మేకకాళ్ల పులుసు) కూడా పెడతాం, గుజ్జు వస్తుందని.

జడ్చర్ల_జంక్షన్
ఆ పొడి మాత్రం దయచేసి వేయకండి. మా నాయినకు ఇలాగే ఊళ్లో ఒకాయన పొట్లాలు కట్టి ఇచ్చాడు. మూడో రోజుకే నొప్పి మాయం. చెప్పుకుంటూ తిరిగాడు నాయిన, ఇంకో పదిమందికి ఇప్పించాడు కూడా. ఏడాదిలో ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ లేని మనిషికి షుగర్ వచ్చింది, ఒంటి మీద ఎక్కడ తగిలినా నల్లగా కమిలేది. పెద్ద దవాఖానాలో చూపిస్తే ఆ లక్షణాలన్నీ స్టెరాయిడ్‌వే అన్నారు. ఒక్కసారిగా ఆపినా ప్రమాదమేనట, అందుకని నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. మూడు రోజుల్లో మోకాలి నొప్పి పోగొట్టే పొడి అంటే నాకు ఇప్పటికీ భయం.

వనపర్తి_ఫిజియో
ఈ పని పదహారేళ్ల నుంచి చేస్తున్నాను, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.
పొద్దున బిగుసుకుపోవడం పది నిమిషాల్లో సర్దుకుంటోంది అన్నారు. అరుగుదలలో మామూలుగా అరగంట లోపే సర్దుకుంటుంది. గంట దాటి ఉంటే, రెండు చేతుల వేళ్ల కణుపులు కూడా వాచి ఉంటే అది కీళ్లవాతం కావచ్చు, దాని మందులే వేరు. ఒకవేళ మోకాలు ఎర్రగా, వేడిగా ఉబ్బి జ్వరం వస్తే మాత్రం అదే రోజు దవాఖానాకు పోవాలి.
రెండోది గ్రేడ్ సంగతి. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు పెట్టిన లెక్క అది, సున్నా నుంచి 4 దాకా. ఎముకల మధ్య సందు ఎంత తగ్గింది, అంచుల్లో ముళ్లలా ఎంత పెరిగింది అని ఎక్స్‌రేలో చూసి చెప్పేది. నొప్పి ఎంతో అందులో కనపడదు. గ్రేడ్ 4 ఉండి చేను చుట్టి వచ్చేవాళ్లను చూశాను, గ్రేడ్ 2తో మంచం దిగనివాళ్లనూ చూశాను. ఫిల్మును బట్టి కాకుండా మనిషి ఎలా నడుస్తోంది, ఏ పని చేసుకోలేకపోతోంది అన్నది చూసి నిర్ణయించుకోవాలి.
ఇక అసలు విషయం తొడ కండరం. మోకాలు నొప్పి పెట్టిందని నడక తగ్గిస్తారు, నడక తగ్గితే తొడ ముందరి కండరం సన్నబడుతుంది, అది సన్నబడితే ప్రతి అడుగు అదురూ నేరుగా కీలు మీద పడుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. మీ అమ్మను మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి రెండు తొడలూ పక్కపక్కన చూడండి. మోకాలి పైన నాలుగు వేళ్ల దగ్గర కుడి తొడ సన్నగా ఉంటుంది చూడండి. అరిగిన మృదులాస్థిని, అంటే మీరు గుజ్జు అంటున్నదాన్ని, తిరిగి పెంచే మందు ఇప్పటిదాకా రాలేదు. కానీ కండరం ఏ వయసులోనైనా పెరుగుతుంది, డెబ్బై ఏళ్లకు కూడా.

చండూరు_చిన్నోడు
ఇప్పుడే చూశాను సార్. నిజంగానే కుడి తొడ సన్నగా ఉంది. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఏం చేయించాలి?

వనపర్తి_ఫిజియో
మూడింటితో మొదలుపెట్టండి.
కాలు చాపి మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టాలి. మోకాలితో ఆ తువ్వాలను కిందికి నొక్కి పట్టాలి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఇది పదిసార్లు. ఊపిరి బిగపట్టకూడదు, పైకి లెక్కపెట్టమనండి, అప్పుడు ఊపిరి ఆగదు.
తర్వాత వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి పెట్టి, రెండో కాలు వంచకుండా జానెడున్నర ఎత్తు లేపి అయిదు అంకెలు ఆపాలి, మెల్లగా దించాలి. ధబీమని వదిలేస్తే లాభం లేదు. రెండు కాళ్లకూ చేయాలి.
మూడోది గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, కూర్చోవడం. కుర్చీ మీద మందపాటి దిండు వేసి ఎత్తు చేస్తే మొదట్లో సులువు. లేవగలిగిన కొద్దీ దిండు తీసేయండి. ఎనిమిదిసార్లు చాలు.
రోజుకు రెండు పూటలు. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటుంది, భయపడి ఆపొద్దు. మర్నాటికి కూడా తగ్గకపోతే లెక్క కొంచెం తగ్గించండి. ఆరు వారాల దాకా ఏమీ తెలియదు, చాలామంది నాలుగో వారంలోనే మానేస్తారు. పన్నెండు వారాలు చేయించి అప్పుడు చెప్పండి. మీ దగ్గరి సర్కారు జనరల్ దవాఖానాలో ఫిజియోథెరపీ ఉందేమో కనుక్కోండి, ఒకటి రెండుసార్లు ఎదురుగా చూపించుకుంటే తప్పులు పోతాయి.

దేవరకొండ_సార్
వ్యాయామం మంచిదే, కాదనను. కానీ ఆపరేషన్‌ను భూతంలా చూడొద్దు తమ్మీ. మా ఇంటామె ఎనిమిదేళ్లు వాయిదా వేసింది. చివరికి కాలు విల్లులా వంగిపోయింది, మోకాలు పూర్తిగా చాపలేకపోయేది, రాత్రిళ్లు నిద్ర లేదు. 2019లో రెండు మోకాళ్లకూ చేయించాం, ఇప్పుడు గుడికి నడిచి పోతోంది. ముందే చేయించి ఉంటే ఆ ఎనిమిదేళ్లు బాధ తప్పేది కదా అనిపిస్తుంది నాకు.

వనపర్తి_ఫిజియో
సార్ చెప్పింది పూర్తిగా ఒప్పుకుంటాను. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి, కాలు వంకర పెరుగుతూ పోవడం, ఇంట్లో పనులు కూడా చేసుకోలేకపోవడం, ఇవి ఉంటే మార్పిడే సరైన దారి. అక్కడ నేనే పంపిస్తాను. ఆపరేషన్‌కు ముందు తొడ గట్టిగా ఉన్నవాళ్లు తర్వాత తొందరగా లేచి నడుస్తారు కూడా, కాబట్టి ఈ కష్టం ఎటూ వృథా పోదు.

గట్టుప్పల్_మగ్గం
మా బాపు నలభై ఏళ్లు గుంట మగ్గం నేశాడు. కాళ్లు గుంటలోకి దించి పావుకోళ్లు తొక్కుతూ పొద్దంతా కూర్చోవడం, దిగాలన్నా ఎక్కాలన్నా చేతుల మీద బరువేసి ఒళ్లంతా లేపాలి. మోకాళ్లు పోయాయని మగ్గం ఆపేద్దాం అనుకున్నాం, ఆయనకు ప్రాణం పోయినట్టే అయింది. చివరికి గుంట అంచు మీద అడుగున్నర ఎత్తు దిమ్మె కట్టి, పైకప్పు దూలానికి పాత పగ్గం వేలాడదీశాం. ఇప్పుడు దిమ్మె మీద కూర్చుని, పగ్గం పట్టుకుని లేస్తాడు. గంటకోసారి లేచి వాకిట్లో రెండు చుట్లు తిరగాలని అమ్మ కాపలా. మందులేవీ మార్చలేదు, సగం నొప్పి దీంతోనే తగ్గింది. ఇంట్లో ఎన్నిసార్లు నేల మీద నుంచి లేస్తుందో ఒక్కరోజు లెక్కపెట్టి చూడండి అన్నా.

చండూరు_చిన్నోడు
నిన్న ఆదివారం కూర్చుని లెక్కపెట్టాను. కూరగాయలు తరగడానికి, అన్నం తినడానికి, గిన్నెలు తోమడానికి, బియ్యం ఏరడానికి, దొడ్డికి... చీకటి పడేసరికి 31. లేచిన ప్రతిసారీ కుడి అరచేయి నేలకు ఆనించి లేస్తోంది, మణికట్టు దగ్గర చర్మం మొద్దుబారి ఉంది. రోజూ ఇంట్లోనే ఉండి ఇది చూడలేదు నేను.

హాలియా_రైతు
దొడ్డి సంగతి ముందు చూడు తమ్మీ. మడిచి కూర్చుని లేవడమే మోకాలికి అన్నిటికంటే పెద్ద పరీక్ష. కొత్తది కట్టించక్కర్లేదు, మధ్యలో రంధ్రం ఉండే నాలుగు కాళ్ల కమోడ్ కుర్చీ మెడికల్ సామాన్ల దుకాణంలో దొరుకుతుంది, ఉన్నదాని మీదే పెట్టుకోవచ్చు. పక్క గోడకు ఒక ఇనుప పైపు బిగించు. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు ఉన్నది చూసి తీసుకో, లేకపోతే తడి బండ మీద జారుతుంది.

కోస్గి_కోడలు
పాయ గురించి ఎవరూ మాట్లాడలేదు

వనపర్తి_ఫిజియో
పాయ కమ్మగా ఉంటుంది అక్కా, ఇష్టంగా తినండి. కానీ అందులోని జిగురు కడుపులో అరిగి అన్ని మాంసకృత్తుల లాగే రక్తంలో కలుస్తుంది, నేరుగా మోకాలికి పోయి అతుక్కోదు. వంకాయ, ఆలుగడ్డ మానాల్సిన అవసరం కూడా లేదు. పప్పు తగ్గించకండి, కండరం పెరగాలంటే పప్పు, గుడ్డు, పెరుగు కావాలి. తగ్గించాల్సింది బరువు. ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకూ మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో అమెరికాలో కొలిచి చూశారు. మీ అత్తమ్మ ఎంత బరువు ఉంటారు?

కోస్గి_కోడలు
78. రాత్రికి అన్నం బదులు జొన్నరొట్టె పెట్టమంటారా

వనపర్తి_ఫిజియో
పెట్టండి, కానీ రొట్టె కూడా రెండే. అన్నం మానేసి నాలుగు రొట్టెలు తింటే లెక్క అక్కడికే వస్తుంది. నాలుగైదు కిలోలు తగ్గినా ఆవిడకే తెలుస్తుంది తేడా.

నకిరేకల్_నిమ్మ
సూదుల సంగతి చెప్పండి ఎవరైనా. ఇప్పుడు మన రక్తమే తీసి తిప్పి మోకాలికి ఎక్కిస్తారట, ప్లాస్మా సూది. మా బావమరిది వేయించుకోమని వెంట పడుతున్నాడు. గుజ్జు మళ్లీ పెరుగుతుంది అని రాసి ఉంది కాగితంలో.

వనపర్తి_ఫిజియో
నేను సూదులు వేసేవాణ్ణి కాదు, కాబట్టి పరిశోధనల్లో తేలింది మాత్రమే చెబుతాను. ఆ ప్లాస్మా సూది మీద ఆస్ట్రేలియాలో 288 మందితో పరీక్ష చేశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. సగం మందికి ప్లాస్మా, సగం మందికి ఉత్త సెలైన్, ఎవరికి ఏది వేశారో రోగికి తెలియదు. ఏడాది తర్వాత నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు, మృదులాస్థి పలచబడటంలోనూ లేదు.
స్టెరాయిడ్ సూది వాపు, నొప్పి బాగా ఎక్కువైనప్పుడు కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది, అది నిజం. కానీ అలవాటు చేసుకోకూడదు. రెండేళ్ల పాటు మూడు నెలలకోసారి వేసి చూస్తే, సెలైన్ వేసినవాళ్ల కంటే వీళ్ల మృదులాస్థే ఎక్కువ పలచబడింది, నొప్పిలో లాభం కూడా లేదు. 2017లో వచ్చిన ఫలితం. షుగర్ ఉన్నవాళ్లకు ఈ సూది వేసిన కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే డాక్టరుకు చెప్పాలి.

జడ్చర్ల_జంక్షన్
నకిరేకల్ అన్నా, మీ అత్తకు సూదితో నాలుగు నెలలు తగ్గింది కదా. ఆ నాలుగు నెలల్లో ఏమైనా వ్యాయామం చేయించారా?

నకిరేకల్_నిమ్మ
లేదు. తగ్గింది కదా అని వదిలేశాం. నొప్పి లేని ఆ నాలుగు నెలల్లోనే తొడ గట్టిపడేలా చేయించి ఉండాల్సింది అని ఈ థ్రెడ్ చదివాక అర్థమైంది. డబ్బు పోతే పోయింది, ఆ కాలం పోయినందుకు బాధగా ఉంది.

మిర్యాలగూడ_మిల్లు
గ్లూకోసమైన్ గోలీలు వాడొచ్చా? నెలకు వెయ్యి దాటుతోంది.

వనపర్తి_ఫిజియో
2006లో 1583 మందితో పెద్ద పరీక్ష జరిగింది, మొత్తం మీద మందు లేని ఉత్త గోలీ కంటే మెరుగు అని తేలలేదు. ఆ వెయ్యితో రోజూ గుడ్లు కొనుక్కోండి.

జడ్చర్ల_జంక్షన్
నొప్పి గోలీల గురించి కూడా రాయాలి. పొడి ఆపించాక నాయిన మెడికల్ షాపులో అడిగి రోజూ ఒక గోలీ వేసుకునేవాడు. బీపీ ఉంది, ఇప్పుడు షుగర్ కూడా. ఒకరోజు కాళ్లు ఉబ్బాయి, రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. కిడ్నీ డాక్టరు మొదట అడిగింది "నొప్పి గోలీలు ఎన్నాళ్లుగా?" అని. ఇప్పుడు డైక్లోఫెనాక్ జెల్ పూత మాత్రమే, అదీ డాక్టరును అడిగే. మోకాలు చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పైపూత బాగానే పనిచేస్తుంది, రక్తంలోకి చాలా తక్కువ పోతుంది అని చెప్పారు. అరవై దాటినవాళ్లు, బీపీ, షుగర్, గుండె, కిడ్నీ ఏది ఉన్నా గోలీ ముందు డాక్టరును అడగండి.

మర్రిగూడ_వాసి
చిన్నోడా, ఒక మాట. మీ ఊరు మా పక్కనే కాబట్టి చెబుతున్నా. మీ అమ్మకు మెడ, నడుము కూడా బిగుసుకుపోయాయా? తల తిప్పమంటే ఒళ్లంతా తిప్పుతుందా? మా పెద్దవాళ్లకు మోకాళ్ల అరుగుదల అని ఏళ్ల తరబడి మందులు వాడాక తెలిసింది, ఎముకలకు ఫ్లోరైడ్ పట్టిందని. నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు, మన బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పళ్ల మీద గోధుమరంగు చారలు ఉంటే అనుమానించాలి. ముంజేతి ఎక్స్‌రే తీస్తే రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తుంది. నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే, నల్లగొండ టెక్నిక్ అని. పటిక, సున్నంతో చేస్తారు, నాగపూర్‌లోని నీరి సంస్థ కనిపెట్టింది. పేరు మనది, నడుం వంగినవాళ్లూ మనవాళ్లే. మా అవ్వ చివరి పదేళ్లు ఆకాశం చూడలేదు. అందుకే అడుగుతున్నా, బోరు నీళ్లు తాగిస్తుంటే ఈరోజే ఆపండి, మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టుకోండి.

చండూరు_చిన్నోడు
మెడ బాగానే తిరుగుతుంది అన్నా, పళ్లు కూడా తెల్లగానే ఉన్నాయి, అమ్మ చిన్నప్పుడు పెరిగింది దామరచర్ల వైపు, అమ్మమ్మ ఊళ్లో. అయినా ముంజేతి ఎక్స్‌రే అడిగాను, అలాంటిదేమీ లేదన్నారు. ఇంట్లో వంటకు బోరు నీళ్లే వాడుతున్నాం అని ఇప్పుడే గుర్తొచ్చింది. తాగేవి మాత్రం కాదు. మార్చేస్తాను.

మర్రిగూడ_వాసి
వంటకూ వద్దు. పప్పు ఉడికిన నీళ్లు కూడా కడుపులోకే పోతాయి. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది.

హాలియా_రైతు
కర్ర గురించి. నాకు కుడి మోకాలు. రెండేళ్లు కుడి చేతిలోనే కర్ర పట్టుకున్నాను, ఏం లాభం కనిపించలేదు. దవాఖానాలో ఒక అమ్మాయి చూసి ఎడమ చేతికి మార్చింది. నొప్పి కాలు ముందుకు వేసేటప్పుడే కర్ర కూడా వేయాలి. ఆ రోజు గేటు దాకా నడిచేసరికే తేడా తెలిసింది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. పొలం గట్ల మీద ఇప్పటికీ అలాగే దిగుతాను.

చండూరు_చిన్నోడు
పదకొండు వారాలైంది. చేయించి చెప్పమన్నారు కదా, అందుకే రాస్తున్నా.
మూడో వారంలో అమ్మ మానేస్తానంది. నొప్పి అలాగే ఉంది, పనికిమాలిన పని అంది. చెల్లె కూతురు, ఆరేళ్లది, సెలవులకు వచ్చి పక్కన పడుకుని తనూ కాలు లేపడం మొదలుపెట్టింది. అంకెలకు బదులు చుట్టాల పేర్లు లెక్కపెట్టారు ఇద్దరూ. అయిదో పేరు ఎప్పుడూ మేనమామదే, ఆ పేరు రాగానే కాలు దించాలి. ఆయనకు తెలిసి సంతోషపడ్డాడు, ఆ పొడి ఆయనే తీసుకెళ్లి పారేశాడు.
కూరగాయలు తరగడానికి గట్టు, గిన్నెలకు సింకు ఎత్తులో బల్ల, కమోడ్ కుర్చీ పెట్టాం. నేల మీద నుంచి లేచేది ఇప్పుడు రోజుకు ఆరేడుసార్లు. బరువు 74 నుంచి 71. కుర్చీ మీద దిండు తీసేశాం. పొద్దున బిగుసుకుపోవడం ఇంకా ఉంది. మెట్లు దిగడం ఇంకా కష్టమే, కానీ గోడ పట్టుకోదు. మొన్న చండూరులో బస్సు ఎక్కింది, ఎడమ కాలు ముందు వేసి, కడ్డీ పట్టుకుని. కండక్టర్ చెయ్యి అందిస్తే వద్దంది.

దేవరకొండ_సార్
చాలా సంతోషం తమ్మీ. ఏడాదికోసారి డాక్టరుకు చూపిస్తూ ఉండు, కాలు వంకర పెరుగుతోందేమో కనిపెట్టు.

వనపర్తి_ఫిజియో
ఇప్పుడు ఆపకండి. చీలమండకు అర కిలో ఇసుక సంచి కట్టి రెండో వ్యాయామం చేయించండి. ఇంట్లో కుట్టుకోవచ్చు.

కోస్గి_కోడలు
మా అత్తమ్మ మొదలుపెట్టింది. ఇవాళ నాలుగో రోజు. బతుకమ్మకు మీ అమ్మ ఆడుతుందా?

చండూరు_చిన్నోడు
ఎంగిలిపూల నాడు రెండు పాటలకు తిరిగింది అక్కా. మూడో పాటకు తనే వచ్చి కుర్చీలో కూర్చుంది. పెద్దగా వంగకుండా, నిలబడే చప్పట్లు కొట్టింది. ఇసుక సంచికి గుడ్డ కోస్తోంది ఇప్పుడు.

మిర్యాలగూడ_మిల్లు
ఆ కమోడ్ కుర్చీ ఎంతకు తీసుకున్నావు అన్నా? రబ్బరు తొడుగులు విడిగా దొరుకుతాయా?